అప్పాయమ్మ గోనె మీద తొమ్మిది రోజులు

మూడు డజన్లు

బేరమాడటంలో నా అంతటిది మండపేటలో లేదని నేను చెప్పుకోను. ఊరే చెబుతుంది. అలాంటి నేను పోయిన క్రిస్మస్ వెళ్లిన మూడో రోజున కాకినాడలో ఒక హోల్‌సేల్ కొట్టుకి వెళ్లి, మూడు వందల ఇరవై అన్న పిల్లల బట్టల్ని నూట ఎనభై అయిదుకి దించాను. రెండుసార్లు మెట్లు దిగాను, రెండుసార్లూ వాడే వెనక్కి పిలిచాడు. చివరికి "మీకు దండం తల్లీ" అని చేతులు జోడించాడు. ఇత్తడి సామాన్ల కొట్టులో తక్కెడ పక్కన పెరిగినదాన్ని, ఆ దండం నాకు సన్మానంలా అనిపించింది.

ఇక అసలు సంగతి. పిల్లలు పంతొమ్మిది మంది. నేను కొన్నది గౌన్లూ చొక్కాలూ కలిపి ముప్పై ఆరు జతలు, ఎందుకంటే మూడు డజన్లయితేనే ఆ రేటు. పిల్లలకి అయిదేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా ఉన్నాయి. బట్టలన్నీ ఎనిమిదేళ్ల కొలత. పండగ వెళ్లాక మిగిలిన సరుకు కాబట్టి అన్నీ వంకాయ రంగే. చలికాలం కదా, అన్నీ పొట్టి చేతులే. వీటిని రెండు మూటలు కట్టి ఎక్కడికి మోశానంటే కలకత్తాలో ఖిదిర్‌పూర్‌కి. దాని పక్క పేటల్లో ఇంటింటా కుట్టుమిషన్లే. పిల్లల బట్టలు అక్కడి నుంచే ఊళ్లకి వెళతాయట. ఆత్రేయపురానికి పూతరేకులు పట్టుకెళ్లిన మనిషిని నేను.

డబ్బు నాది కాదు, మా చర్చి స్త్రీల సమాజానిది; చర్చిని మేం గుడే అంటాం. మాలో పిడికెడు బియ్యం అని ఒక అలవాటుంది. వంటకి కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తాం. ఆదివారం గుడికి తెస్తాం, అక్కడ అమ్ముతాం. అలా రెండేళ్లకి ఇరవై ఒక్క వేలయింది. కలకత్తా రేవులో పనిచేసే మన తెలుగువాళ్ల గుడి ఒకటి అనాథ పిల్లల ఇల్లు నడుపుతోందని విని, మా అధ్యక్షురాలు కరుణమ్మగారు దాన్ని వాళ్లకివ్వాలన్నారు. "సుగుణయితే పైసా పోనివ్వదు" అని నన్ను పంపారు. రైలు ఖర్చు నాది. నాలుగు రోజుల్లో రావాలి. వస్తూ పిల్లలందరూ కొత్త బట్టల్లో మా బ్యానర్ పట్టుకున్న ఫొటో తేవాలి.

వంతెన ఇవతల

హౌరాలో పసుపు టాక్సీ అతను ఖిదిర్‌పూర్‌కి అయిదు వందలన్నాడు. మూడు వందల యాభైకి తెచ్చాను. అతను గొణుక్కోలేదు, మొహం మాడ్చుకోలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. గంట తర్వాత ఒక కాలువ ఒడ్డున ఆపి, "దీదీ, ఓడ వస్తోంది. వంతెన లేచింది. మూడు వందల యాభైకి ఇక్కడిదాకే" అన్నాడు. నిజంగానే రోడ్డు ముక్క ఎదురుగా గోడలా నిలబడి ఉంది. నేను దాన్ని నోరు తెరుచుకుని చూస్తుండగా అతను మూటలు దింపి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు.

వంతెన దిగడానికి చాలాసేపు పట్టింది. మూటల మీద కూర్చుని మట్టి కప్పులో టీ తాగాను, పది రూపాయలు. తాగి కప్పు నేలకేసి కొట్టాలట, పక్కాయన చేసి చూపించాడు. నాకు చేయి రాలేదు. కప్పు చూస్తే బాగుంది, గట్టిగా ఉంది. మా కొట్టులో అయితే కడిగి అయిదు రూపాయలకి అమ్మేవాళ్లం. చీర కొంగుతో తుడిచి సంచీలో వేసుకున్నాను. అవతలి ఒడ్డు నుంచి రిక్షాకి వంద. తగ్గించడానికి ఒంట్లో ఓపిక లేదు.

నెత్తళ్లు

ఆ రాత్రి అక్కడి గుడివాళ్లలో ఒకరింట్లో పడుకుని, మర్నాడు పొద్దున్న బజారుకి వెళ్లాను. పిల్లల ఇంటికి తినేది ఏదైనా పట్టుకెళదామని. ఆ పేటలో పక్కనే నడిచే మనిషి ఉర్దూ మాట్లాడతాడు, వాడితో బేరమాడేవాడు బెంగాలీ మాట్లాడతాడు, ఇద్దరినీ తోసుకుంటూ పోయేవాడు భోజ్‌పురీలో తిడతాడు. పద్దెనిమిది డిగ్రీల చలికి ముసలాళ్లూ పిల్లలూ తలకీ చెవులకీ ఉన్ని టోపీలు బిగించి, యుద్ధానికి వెళ్తున్నట్టు కూరగాయలు కొంటున్నారు.

ఫుట్‌పాత్ మీద ఒక గోనె పట్టా, దాని మీద నాలుగు బుట్టల్లో ఎండుచేపలు. వెనక ఒక ముసలావిడ. నేను ఒక నెత్తడు తీసి విరిచి వాసన చూశాను. ఎండింది కదా, టిక్కుమంది.

"ఏటమ్మా, అరకేజీ ఇమ్మంటావా?" అంది.

"తెలుగు అని ఎలా తెలిసింది?"

"ఇరిసిన సప్పుడుకి తెలిసింది. ఈ ఊరోలు పట్టుకొని నొక్కుతారు. మనోలే ఇరుస్తారు."

అరకిలో రెండు వందలంది. నేను మెట్లు దిగలేను కదా, రోడ్డు దాటి రెండుసార్లు వెనక్కొచ్చాను. నూట నలభైకి ఇచ్చింది. రెండు వంద నోట్లిచ్చాను. ఆవిడ రేకుడబ్బాలో తడిమి, నోట్లు కళ్లకి ఆనించి చూసుకుని, నాకు ఒక యాభై, ఒక పది ఇవ్వాల్సింది ఒక వంద, ఒక పది ఇచ్చింది.

చిల్లర ఎదుటివాడి చేతిలో ఉండగానే లెక్కపెట్టే ఇంట్లో పుట్టాను నేను. చూశాను. నోరు తెరిచాను. తర్వాత మూశాను. ఎలాగూ రెండు వందలని ఎక్కువ చెప్పింది కదా అనుకున్నాను. ఆ ముక్క అనుకోవడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు.

ఏక్‌బాల్‌పూర్ ఇల్లు

పిల్లల ఇల్లు పక్క పేట ఏక్‌బాల్‌పూర్‌లో ఒక గిడ్డంగి మేడ మీద ఉంది. రెండు పెద్ద గదులు, ఒక వంటిల్లు, మెట్ల పొడవునా పంతొమ్మిది జతల చెప్పులు. చూసుకునేది సలోమి టీచర్. నలభై ఏళ్లుంటాయి. తాత శ్రీకాకుళం నుంచి రేవు కూలీగా వచ్చాడు, తండ్రి క్రేన్ నడిపాడు, ఈవిడ చదువుకుంది. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ బెంగాలీలోకి జారి మళ్లీ పైకొస్తుంది.

నేను మూటలు విప్పి, ఒక గౌను ఎత్తి పట్టుకుని నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"ఆంటీ, ఏటనుకోకండి. ఇవి మా పిల్లలకి ఎయ్యం."

"కొలతలు కొంచెం..."

"కొలత కాదు. అందరికీ ఒకే రంగు ఏసి బయటికి పంపితే ఇస్కూల్లో పిల్లలు దూరం నుంచే ఏలు సూపిస్తారు, 'హోమ్‌వాలే' అని. అందుకే ఒక్కొక్కరినీ తీసికెల్లి ఆలకి నచ్చింది కొంటాం. మా ఇంట్లో పంతొమ్మిది మందికి పంతొమ్మిది రంగులు." గౌను అంచు తిప్పి కుట్టు చూసి, "ఎంతకి తీసుకున్నారు?" అంది.

చెప్పాను.

"అరే బాబా! ఇదే గౌను మా వెనక గల్లీలో నూట పాతిక."

ఫొటో కూడా కుదరదంది. పిల్లల మొహాలు ఫోన్లలో తిప్పకూడదట. బ్యానర్‌ని నేను సంచీలోంచి బయటికే తీయలేదు.

పరువు దక్కించుకోడానికి నెత్తళ్ల పొట్లం విప్పాను. వెంటనే రెండో గదిలోంచి పదకొండేళ్ల పిల్ల వచ్చింది. రెండు జడలు, ఆకుపచ్చ స్వెట్టరు. పొట్లం మీదికి వంగి, "మా అమ్మమ్మ నెత్తళ్లు" అంది.

"చేపకి పేరు రాసి ఉంటుందా?" అన్నాను.

"అమ్మమ్మే వామాకు కలుపుతాది. పురుగు రాదని."

ఆ పిల్ల పేరు దీవెన. దాని తమ్ముడు జాషువకి జనవరి ఆఖరుకి పదేళ్లు నిండుతాయి. తండ్రి ఓడ సరుకు దించుతూ పడిపోయాడు, తల్లి మరుసటేడు జ్వరంతో పోయింది. మిగిలింది తల్లి తల్లి, అప్పాయమ్మ. బజారులో అందరూ ఆవిడని సుట్కీ మాసి అంటారు. సుట్కీ అంటే ఎండుచేప. నా యాభై రూపాయల ముసలావిడ.

నెత్తళ్లు వేయిస్తూ సలోమి మిగతాది చెప్పింది. ఆ ఇంట్లో పదేళ్లు నిండిన మగపిల్లల్ని ఉంచరు. వాణ్ని ఊరికి అవతల మగపిల్లల హోమ్‌కి పంపాలి, రెండు బస్సులు మారాలి. అక్క ఇక్కడ, తమ్ముడు అక్కడ. అది ఆగాలంటే ఒకటే దారి, అమ్మమ్మ ఇద్దరినీ ఇంటికి తీసుకెళ్లాలి. ఆవిడకి ఇష్టమే. కాని పిల్లల సంక్షేమ కమిటీ మేడం ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు ఆవిడ టీ పోసింది. గ్లాసులో కాదు, పక్కన నేల మీద. రెండు కళ్లకీ శుక్లాలు. 'పిల్లలను చూసుకోలేరు' అని మేడం రాసుకుని వెళ్లింది. జాలిపడి ఇంకొక్కసారి వస్తానంది, పై బుధవారం కాక ఆ పై బుధవారం.

"మరి ఆపరేషన్?"

"ఫ్రీగా సేస్తారు ఆంటీ, కల్ల ఆసుపత్రోలు. మూడుసార్లు డేట్ తీసుకున్నాను. మూడుసార్లూ రాలేదు. బయం ఆవిడకి. సంగంలో ఉపవాస ప్రార్థన కూడా పెట్టాం, బయం పోవాలని."

వంటింటి గుమ్మంలో దీవెన నిలబడి ఉంది. తమ్ముడి స్వెట్టరుకి ఊడిన గుండీ కుడుతోంది. మమ్మల్ని చూడటం లేదు, వింటోంది.

ఆదివారం

గుడి అంటే రేవు కార్మికుల క్వార్టర్ల పక్కన ఒక రేకుల హాలు. మా దగ్గర చెప్పులు బయట విడిచి నేల మీద కూర్చుంటాం; ఇక్కడ బెంచీలు. పాటలు మాత్రం మావే, రాగం కొంచెం సాగదీస్తారు. కుర్రకారుకి తెలుగు చదవడం రాదు. దీవెన వాక్యం చదువుతుంటే ఫోన్‌లోకి తొంగి చూశాను. తెలుగు మాటలు, బెంగాలీ అక్షరాలు. ఒక్క తప్పు లేకుండా చదివింది.

అప్పాయమ్మ తలుపు పక్క చివరి బెంచీలో కూర్చుంది. ఎందుకో ఆవిడ పక్కన రెండు చోట్లు ఖాళీగా ఉన్నాయి. కాస్సేపటికి నాకే అర్థమైంది, వాసన. ఆ హాల్లో ఉన్నవాళ్ల నాయనమ్మలందరూ ఒకప్పుడు అదే వాసనతో వచ్చి ఉంటారు. ఇప్పుడు మనవరాళ్లు ఆఫీసులకి వెళుతున్నారు. అప్పాయమ్మ భయం పోవాలని మళ్లీ ప్రార్థన చేశారు. నేనూ ఆమెన్ అన్నాను. ఆవిడ అనలేదు.

అయ్యాక బయట మెట్ల మీద పక్కన కూర్చున్నాను.

"కత్తి అంటే భయమా అప్పాయమ్మగారూ?"

"బయమేటి? నలుగురు గుంటల్ని కన్నాను, ముగ్గురిని మట్టిలో ఎట్టినాను, ఆకరుదాన్నీ ఎట్టినాను. కంట్లో సూది ఓ లెక్కా?"

"మరి వెళ్లరేం?"

ఆవిడ నా వైపు తిరిగింది. చూపు నా చెవి పక్కకి పోయింది. "డాక్టరు బాబేటన్నాడు? ఓ నెల్లాళ్లు దుమ్ములో కూకోకన్నాడు. ఒంగొద్దన్నాడు. నాను గోనె ఏసుకునే సోటు ఎంతో సూసినావా? మూడు జానలు. ఇరవై రెండేళ్లు కూకున్నాను. పక్కన దువ్వెనలోడున్నాడు. మంచోడే. మంచోడైనా నాలుగు రోజులు నాను రాపోతే గోనె జరుపుతాడు. ఎనిమిదో రోజుకి ఆడి బావమరిది కూకుంటాడు. ఆపైన కల్లొచ్చి నానేటి సేసేది? గుంటలకి ఏటెట్టేది? సూపుంటే సోటు లేదు, సోటుంటే సూపు లేదు."

"ఈ సంగతి సలోమికి చెప్పలేదా?"

"అడగలేదు. ప్రార్థన సేసినారు."

నాకు నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆ హాల్లో ఎవరికైనా తట్టాల్సిన సంగతే అది. మా నాన్న చచ్చిపోయిన రోజున కూడా మా పెద్దన్నయ్య కొట్టు ఒక తలుపు తీసే ఉంచాడు. ఎందుకని మేమెవరం అడగలేదు. మూసిన కొట్టు ముందు ఇంకొకడు బల్ల వేస్తాడు.

"నేను కూర్చుంటాను" అన్నాను.

మంచితనం అనుకోకండి. ఆ ఎక్కువ వచ్చిన యాభై సంచీలో రాయిలా ఉంది.

రాత్రి మావారికి ఫోన్ చేశాను. "ఇంకో పది రోజులు ఆగుతానండీ."

"ఏం చేస్తావు?"

"ఎండుచేపలు అమ్ముతాను."

ఆయనది కిరాణా కొట్టు. "కిలో ఎంత?" అన్నారు.

గోనె మీద

సోమవారం పొద్దున్న అప్పాయమ్మని సలోమి ఆసుపత్రికి తీసుకెళ్లింది. నేను గోనె పరిచాను. నడుం నిలవలేదు, వంకాయ రంగు మూట ఒకటి తెచ్చి వెనకాల వేసుకున్నాను, రెండోది కిందేసుకున్నాను. కాకినాడ కొట్టువాడి దండం తలచుకుంటూ దాని మీద కూర్చున్నాను. చేసిన మొదటి పని యాభై రూపాయలు రేకుడబ్బాలో వేయడం.

నేను కొనేటప్పుడు ఎలా ఉంటానో ఆ తొమ్మిది రోజుల్లో చూశాను. లావుపాటి బెంగాలీ ఆవిడ వచ్చి, రొయ్యపొట్టు పిడికిట్లోకి తీసుకుని, మొహం అదోలా పెట్టి, ధర అడిగి, సగం చెప్పి, రోడ్డు దాటింది. మళ్లీ వచ్చింది. మళ్లీ దాటింది. ఆవిడ నడకలో నా నడకే కనిపించింది. నేను పైసా దిగలేదు. ఆవిడ మూడోసారి రాలేదు. ఆ రోజు సాయంత్రానికి బుట్టలు పొద్దున్న ఎలా ఉన్నాయో దాదాపు అలాగే ఉన్నాయి.

దువ్వెనలాయన పట్టా నాలుగు వేళ్లు ఇటు జరిగింది. గొడవేం లేదు. నవ్వుతూ "దీదీ, దేశం ఎక్కడ?" అని సొంతూరు అడిగాడు, జరిగాడు.

రెండో రోజు బడి అయ్యాక దీవెన వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది. సలోమి గంటసేపు పంపుతుందట. నేను ఒకతనికి పావుకిలో తూచి, ముల్లు సరిగ్గా మధ్యలో నిలిపి, పొట్లం కట్టాను. అతను కదల్లేదు. "ఫావ్?" అన్నాడు.

"ఏమంటాడే?"

"కొసరు అడుగుతున్నాడు ఆంటీ. అమ్మమ్మ తూసినాక పిడికెడు ఏస్తాది."

"ఊరికేనా? ఇత్తడి కొట్టులో కొసరంటే ఏమిస్తాం, గిన్నె మూతా?"

"ఇది ఇత్తడి కాదు కదా" అంది దీవెన. నా చేతి మీదుగా చేయి పెట్టి, పిడికెడు నెత్తళ్లు తీసి అతని పొట్లంలో వేసింది. అతను దాని తల నిమిరి వెళ్లాడు.

"నిన్న ఎంతమందికి ఏసినారు?" అంది.

"ఎవరికీ వేయలేదు."

"అందుకే రాలేదు. ఇంక మీరు తూసీండి. పిడికెడు నానేస్తాను."

"నీ పిడికిలి చిన్నది, నాకే లాభం" అన్నాను. అప్పుడు నవ్వింది, మొదటిసారి. తర్వాత చేపల్ని సర్దుతూ, నా మొహం చూడకుండా అడిగింది: "అమ్మమ్మకి కన్ను రాపోతే జాషువ ఏ రోజు ఎల్లాల?"

నేను బేరగత్తెని, అబద్ధం చెప్పడం తేలికే. నోటికి రాలేదు. "తెలీదమ్మా" అన్నాను.

"ఆడికి సీకట్లో ఒక్కడే పడుకోడం రాదు" అంది.

మూడో రోజు నుంచి బుట్టలు ఖాళీ అవడం మొదలైంది. అలసట గురించి చెప్పాలంటే, ఉప్పు గోళ్ల కింద మండుతుంది. మోకాళ్లు సాయంత్రానికి నా మాట వినవు. లారీల దుమ్ము నోట్లో కరకరలాడుతుంది. ఇరవై రూపాయల మరమరాల మిక్చర్‌లో పచ్చి ఆవనూనె పోస్తారు, మొదటిరోజు కన్నీళ్లొచ్చాయి, అయిదో రోజుకి అదే భోజనం. కొత్తబెల్లంతో చేసే సందేశ్, పాలవిరుగుడు మిఠాయి, ఒకటి పదిహేను. తినాలనిపించినా ఆ చేతులతో కొట్టులోకి వెళ్లబుద్ధి కాలేదు. సలోమి ఇంట్లో చాప మీద పడుకునేముందు ప్రార్థన చేయబోయేదాన్ని, దేవా అనే లోపే నిద్ర. రెండుసార్లు స్నానం చేసినా వాసన పోయేది కాదు. సలోమి వాళ్లమ్మ నా చాపని మర్యాదగా కిటికీ దగ్గరికి జరిపింది.

ఆదివారం గుడిలో నేను అప్పాయమ్మ చోటులో, తలుపు పక్క బెంచీలో కూర్చున్నాను. నా పక్కన రెండు చోట్లు ఖాళీ. సలోమి ముందు నుంచి వెనక్కి తిరిగి చూసింది. లేచి, హాలంతా నడిచి వచ్చి, నా పక్కన కూర్చుంది.

"మీరెల్లాక నాను శనాదివారాలు కూకుంటాను" అంది చిన్నగా. "మా నాయనమ్మదీ ఇదే పని. ఇస్కూల్లో ఎవరికీ సెప్పీదాన్ని కాదు."

మిగతా రోజులకి ఇంకో ఇద్దరు ఆడవాళ్లు ఒప్పుకున్నారు. మిగతావాళ్లు ప్రార్థన చేస్తామన్నారు.

మేడం వచ్చిన రోజు

అప్పాయమ్మ గది గార్డెన్ రీచ్ రోడ్డు మీద, రేవు గోడకి ఆనుకుని. ఒకటే గది. పోయినసారి 'పిల్లలకి మంచం లేదు, తలుపుకి గడియ లేదు' అని కూడా రాశారని సలోమి చెప్పింది. మా పిడికెడు బియ్యం డబ్బుతో ఒక నవారు మంచం, రెండు దుప్పట్లు, గడియ, ఒక స్టీలు కుర్చీ కొన్నాను. అవి కొనేటప్పుడు బేరమాడాను. ఎందుకు మానాలి?

మేడం చిన్న వయసామె, నూలు చీర, ఉన్ని టోపీ. సంతకాలతో విసిగిన మొహం. గది చూసింది, గడియ వేసి తీసింది, పిల్లల పుస్తకాలు చూసింది. అప్పాయమ్మ నల్లకళ్లజోడుతో స్టీలు కుర్చీలో మంత్రిలా కూర్చుంది. ఒక కన్నుకే ఆపరేషన్ అయింది. సలోమి మూలనున్న పొయ్యి మీద కాచిన టీ కెటిల్ తెచ్చి ముందు పెట్టింది. జాషువ అక్క చెయ్యి పట్టుకుని ఉన్నాడు.

అప్పాయమ్మ కెటిల్ ఎత్తింది. గ్లాసుని వేలితో తడమలేదు. పోసింది. అంచుకి చిటికెన వేలంత కింద ఆపింది.

మేడం గ్లాసు తీసుకుని తాగలేదు, పెన్ను తీసింది. అప్పాయమ్మకి అది నచ్చినట్టు లేదు. బెంగాలీలో ఏదో అంది. మేడం ఒక్కసారి నవ్వేసి, చీర కుచ్చిళ్లు చూసుకుంది.

"ఏమన్నారు?" అని సలోమిని గిల్లాను.

"'ఆడపిల్లవి, ఆపీసుకొచ్చినావు, కుచ్చిల్ల కాడ పసుపు మరకేటి' అంది."

పిల్లల్ని అమ్మమ్మ దగ్గరే ఉంచుతూ ఆరు నెలలకి రాసిచ్చింది మేడం. ఆరు నెలల తర్వాత మళ్లీ వచ్చి చూస్తుందట. రెండో కన్ను ఆ లోపు చేయించాలట. పిల్లలు బడికి ఒక్కరోజు మానినా తెలియాలట. అంతే. నేను ఎవరైనా ఏడుస్తారేమో అనుకున్నాను. దీవెన వెళ్లి మంచం కింద తమ్ముడి చెప్పులు పెట్టి, వాటి పక్కన తనవి పెట్టింది. ఆ తర్వాత ఇద్దరూ మంచానికి ఏ పక్క ఎవరిదని కొట్టుకున్నారు.

నేను బయటికొచ్చి రేవు గోడకి ఆనుకున్నాను. సంతోషం రావాల్సినంత రాలేదు. నిద్రొచ్చింది.

లెక్క

బయలుదేరే ముందు రోజు సాయంత్రం అప్పాయమ్మకి చెప్పేశాను. ఆ మొదటి రోజున యాభై ఎక్కువిచ్చారు, చూసి ఊరుకున్నాను, తర్వాత డబ్బాలో వేశాను అని.

ఆవిడ నల్లకళ్లజోడు తీసి, నన్ను పైనుంచి కిందకి చూసింది. కన్నొచ్చాక నన్ను తేరిపార చూడటం అదే మొదటిసారి. "ఓలమ్మో, ఇంత పెద్దదానివా? గొంతు ఇని చిన్నదానివనుకున్నాను." తర్వాత అంది: "నువ్వొక్కదానివేనేటి? రోజుకి ఇద్దరో ముగ్గురో అలగే గమ్మునెలిపోతారు. నాకు తెల్దా? అందుకే నూట అరవై సరుకుని రెండొందలు సెప్తాను. గుడ్డిదాని ముందు గమ్మునుండీవోల్ల వాటా అందులోనే ఉంటాది."

నేను ఆ రెండు వందల్ని నూట నలభైకి దించాను. అంటే ఆ యాభై పోయినా ఆవిడ తట్టుకునేది. దెబ్బ కొట్టింది నా బేరం. అరవై తీసి ఇవ్వబోయాను. చేయి వెనక్కి నెట్టింది. "బేరం బేరమే. రేపు మల్లీ రా, అప్పుడు సూస్తాను నీ సంగతి. ఇప్పుడు కల్లున్నాయి."

పొద్దున్నే దువ్వెనలాయన మట్టికప్పులో టీ తెచ్చిచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఆయన పట్టా ఇప్పటికీ నాలుగు వేళ్లు ఇటే ఉంది. దాన్ని నేను వెనక్కి జరపలేకపోయాను.

మండపేట చేరాక కరుణమ్మగారు అడిగిన మొదటి మాట, "ఫొటో ఏదమ్మా?"

స్త్రీల సమాజం ముందు చదివిన లెక్క ఇది. తీసుకెళ్లింది ఇరవై ఒక్క వేలు. వంకాయ రంగు బట్టలకి ఆరువేల ఆరు వందల అరవై. అది పూర్తిగా నా తెలివితక్కువ. వాటిని వాపసు తీసుకోమని కాకినాడ కొట్టువాణ్ని అడగలేను, మూటలు రెండూ ఎండుచేపల వాసన, ఆ గోనె మీదే వదిలేశాను, ఇప్పుడు వాటి మీద సలోమి కూర్చుంటోంది. కంటి చుక్కలు, నల్లకళ్లజోడు ఎనిమిది వందల నలభై. ఆసుపత్రికి ఆటోలు ఆరు వందలు. మంచం, దుప్పట్లు, గడియ, కుర్చీ మూడువేల తొమ్మిది వందలు. మిగిలిన తొమ్మిది వేలు ఇద్దరు పిల్లల ఆరు నెలల బడి ఖర్చుకని సలోమి చేతికి. రైలు, టాక్సీ, వాడకుండా పోయిన తిరుగు టిక్కెట్టు నావి. నాకు మిగిలినవి ఒక మట్టి కప్పు, అరవై రూపాయలు.

కరుణమ్మగారు కళ్లజోడు సవరించుకుని, "మనం పంతొమ్మిది మందికని కదా పోగేశాం" అన్నారు.

అవునన్నాను. ఇద్దరికి ఆరు నెలలు. మిగతా పదిహేడు మందికి నేను పట్టుకెళ్లింది అరకిలో నెత్తళ్లు, అదీ బేరమాడి.